అక్షరాలిచ్చి మాట అడిగితే: తెలుగులో ఈ వెతుకులాట ఎందుకు తడబడుతుంది?

క్లుప్తంగా: ఇచ్చిన అక్షరాలున్న మాటల్ని వెతికిపెట్టే పద్ధతులు పాతవే, తేలికైనవే. ఇంగ్లీషులో అవి చక్కగా పనిచేస్తాయి, ఎందుకంటే అక్కడ అక్షరం అంటే ఏమిటో తగాదా లేదు. తెలుగులో కంప్యూటర్ ఒక దాన్ని అక్షరం అనుకుంటుంది, చదివేవారు ఇంకో దాన్ని అనుకుంటారు, చెవి మూడో దాన్ని వింటుంది. ఫలితాలు తప్పడానికి అసలు కారణం ఈ తేడానే.

పలక అనే మాటలో మూడక్షరాలను తారుమారు చేస్తే కలప వస్తుంది. ఇందులో ఎవరికీ పేచీ ఉండదు. రాజు అనే మాటను తీసుకుంటే మాత్రం చిక్కు మొదలవుతుంది. రా, జు అని రెండక్షరాలుగా చూస్తే తిరగేసినా జురా తప్ప ఏమీ రాదు, దానికి అర్థం లేదు. అదే ర, దీర్ఘం, జ, కొమ్ము అని విడదీసి కలిపితే జారు వస్తుంది. ఊట, అటూ అనే జంట ఇంకా విచిత్రం. రాతలో రెంటికీ పోలిక ట దగ్గర తప్ప కనిపించదు. పలికేటప్పుడు మాత్రం రెండింటిలోనూ ఉన్నవి ఊ, ట్, అ అనే మూడు ధ్వనులే, వరుస ఒక్కటే మారింది.

మూడు జంటలు, మూడు లెక్కలు. ‘ఈ అక్షరాలతో ఏ మాటలు వస్తాయి’ అని అడిగితే పలక–కలప ఏ లెక్కలోనైనా దొరుకుతాయి. రాజు–జారు కొన్ని లెక్కల్లోనే దొరుకుతాయి. ఊట–అటూ ఒకే ఒక్క లెక్కలో దొరుకుతాయి. తెలుగు మాటల వెతుకులాట గురించి వినిపించే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఈ మూడింటిని ఒకటిగా అనుకోవడం వల్ల పుట్టినవే.

అడిగేది ఒకటి, వెతికేది ఒకటి

అక్షరాల సంగతికి ముందు ప్రశ్న సంగతి చూడాలి. ‘క, ల, ప ఉన్న మాటలు కావాలి’ అనే ఒక్క వాక్యంలో కనీసం మూడు వేర్వేరు కోరికలు దాగి ఉంటాయి.

మొదటిది, ఆ మూడూ ఉంటే చాలు, ఇంకేవి ఉన్నా ఫర్వాలేదు అనడం. అప్పుడు పలకరింపు, కలపడం కూడా జాబితాలోకి వస్తాయి. రెండోది, ఆ మూడింటితోనే మాట కట్టాలి, బయటిది ఒక్కటీ రాకూడదు అనడం. అప్పుడు కల, పలక, కలప మిగులుతాయి. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. ఒక్కో అక్షరాన్ని ఒక్కసారే వాడాలా, ఎన్నిసార్లయినా వాడొచ్చా? ఎన్నిసార్లయినా అంటే కలకల కూడా చెల్లుతుంది, ఒక్కసారే అంటే చెల్లదు. మూడోది స్థానం చెప్పి అడగడం: మూడక్షరాల మాట, నడుమ ల ఉండాలి. అలక, నలత, తలపు వస్తాయి. మలుపు, చిలుక రావాలా? వాటి నడుమ ఉన్నది లు. వస్తాయి అనేవారూ ఉంటారు, రావు అనేవారూ ఉంటారు. దీన్ని ఇక్కడే వదిలేయకూడదు, మళ్లీ వస్తుంది.

వీటికి తోడు ‘ఈ అక్షరం ఉండకూడదు’ అనే నాలుగో షరతు కూడా ఉంటుంది. పదాలు ఊహించే ఆటలన్నీ ఈ నాలుగింటి కలగలుపే. 2021 అక్టోబరులో జోష్ వార్డిల్ జనం ముందు పెట్టిన వర్డిల్ అందుకు మంచి ఉదాహరణ. ఐదక్షరాల మాటను ఆరు ప్రయత్నాల్లో పట్టుకోవాలి. ఆకుపచ్చ రంగు అంటే అక్షరం, స్థానం రెండూ సరిపోయాయని, పసుపు అంటే అక్షరం ఉంది గానీ చోటు వేరని, బూడిద అంటే లేదని అర్థం. 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ ఆ ఆటను కొనుక్కుంది. అది జనంలోకి వెళ్లాకే ‘ఈ అక్షరాలున్న మాటలు’ అనే వెతుకులాట ప్రతి ఫోన్లోకీ చేరింది.

యంత్రం ఎలా వెతుకుతుంది

అక్షరాలను అన్ని రకాలుగా తారుమారు చేసి, వచ్చిన ప్రతిదాన్నీ నిఘంటువులో చూడటం అందరికీ మొదట తట్టే పద్ధతి. మూడక్షరాలకు ఆరు వరుసలే కాబట్టి ఇబ్బంది లేదు. ఏడైతే 5,040 వరుసలు. పదైతే 36,28,800. చాలా పని వృథాగా పోతుంది.

దీనికి ఎప్పటినుంచో ఉన్న విరుగుడు ఒకటుంది. వెతికే అక్షరాలను కాక, నిఘంటువునే ముందుగా సర్ది పెట్టుకోవడం. ప్రతి మాటలోని అక్షరాలను అకారాది క్రమంలో పేర్చి దాన్ని ఆ మాటకు తాళంచెవిగా రాసుకుంటారు. పలకను అలా పేరిస్తే కపల, కలపను పేర్చినా కపలే. రెండూ ఒకే తాళంచెవి కింద చేరతాయి. తర్వాత ఎవరు ల, ప, క అని ఏ వరుసలో అడిగినా వాటిని పేర్చి ఆ గూటిని తెరిస్తే చాలు. తారుమారు చేసే పనే ఉండదు. అక్షరాల పలకలతో మాటలు కట్టే ఆట స్క్రాబుల్. దాన్ని ఆడే దిట్టలు తమ బుర్రలో కూడా ఇదే చేస్తారు: చేతికొచ్చిన అక్షరాలను వరుసగా పేర్చుకుని, ఆ పేర్పుకు తగిన మాటను గుర్తు చేసుకుంటారు.

ఏడక్షరాల్లో కొన్నే వాడి కట్టగల మాటలు కావాలన్నా ఇదే దారి. ఏడింటిలోంచి ఏరుకోగల గుంపులు మొత్తం 127. అంటే 127 గూళ్లు తెరిచి చూస్తే పని అయిపోతుంది. 5,040 ఎక్కడ, 127 ఎక్కడ.

‘ఈ అక్షరాలు ఉంటే చాలు’ అనే ప్రశ్నకు ఇంకో ఉపాయం ఉంది. ఇంగ్లీషు అక్షరాలు 26. ప్రతి మాటకూ 26 స్విచ్చుల వరుస ఉందనుకోవాలి, ఏ అక్షరం ఉంటే ఆ స్విచ్ వేసినట్టు. అడిగిన అక్షరాల స్విచ్చులన్నీ ఒక మాటలో వేసి ఉన్నాయా అని చూడటం కంప్యూటర్‌కు ఒకే ఒక్క లెక్క. లక్షల మాటలున్నా కనురెప్ప పాటులో తేలిపోతుంది.

స్థానాలతో కూడిన ప్రశ్నలకు నిఘంటువును చెట్టులా అల్లుకుంటారు. మొదటి అక్షరం ఒక కొమ్మ, దాన్నుంచి రెండో అక్షరం చిన్న కొమ్మ, అలా చివరిదాకా. దారిలో సరిపడని కొమ్మ తగిలితే దానిపై ఉన్న మాటలన్నిటినీ ఒక్క దెబ్బకు వదిలేయొచ్చు. చివర్లు ఒకేలా ఉండే కొమ్మలను కలిపేస్తే చెట్టు ఇంకా చిక్కిపోతుంది. 1988లో ఆండ్రూ అప్పెల్, గయ్ జాకబ్సన్ స్క్రాబుల్ ఆడే ప్రోగ్రామ్ కోసం వాడింది ఈ అల్లికనే. 1994లో స్టీవెన్ గోర్డన్ దాన్ని మాటలోని ఏ అక్షరం నుంచైనా రెండు వైపులా వెతకగలిగేలా మార్చాడు. సూత్రం పరంగా ఆ తర్వాత పెద్దగా మారిందేమీ లేదు.

అర్థం అక్కర్లేని పని

ఈ పద్ధతుల్లో దేనికీ మాట అర్థంతో పని లేదు. 2015లో న్యూజీలాండ్‌కు చెందిన నైజెల్ రిచర్డ్స్ ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ పోటీ గెలిచినప్పుడు ఆయనకు ఫ్రెంచి మాట్లాడటం రాదు. తొమ్మిది వారాల్లో మాటల జాబితాను బట్టీ పట్టారు. ఆయనకు అవి అక్షరాల పేర్పులు మాత్రమే.

అర్థం అక్కర్లేకపోయినా రెండు మాత్రం కచ్చితంగా కావాలి: ఏది అక్షరం, ఏది మాట. ఇంగ్లీషులో ఆ రెండూ తేలిపోయాయి. 1930ల్లో ఆల్‌ఫ్రెడ్ బట్స్ వార్తాపత్రికల్లో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో లెక్కగట్టి స్క్రాబుల్ పలకలు రూపొందించాడు. మొత్తం 100 పలకల్లో ‘ఇ’ అక్షరానివి 12, దాని విలువ 1. అరుదుగా వచ్చే ‘క్యూ’, ‘జడ్’లకు ఒక్కో పలక, విలువ 10. చెల్లే మాటలకు అధికారిక జాబితాలున్నాయి. అంతర్జాతీయ పోటీల్లో వాడే కాలిన్స్ జాబితాలో సుమారు 2.8 లక్షల మాటలున్నాయి.

రోమన్ లిపి వాడే భాషలన్నిటికీ ఈ సుఖం ఉందనుకుంటే పొరపాటు. స్పానిష్‌లో ‘సీ-హెచ్’, ‘ఎల్-ఎల్’ జంటలను చాలాకాలం విడి అక్షరాలుగా లెక్కించారు. నిఘంటువుల్లో వాటికి వేరే విభాగాలుండేవి. 1994లో ఆ అకారాది క్రమాన్ని మార్చారు, 2010లో వాటిని వర్ణమాలలోంచే తీసేశారు. వెల్ష్‌లో అలాంటి జంటలు ఇప్పటికీ ఒక్కో అక్షరమే. అక్షరం అంటే ఏమిటో తేల్చడం లిపి చేసే పని కాదు, ఆ భాషవాళ్లు చేసుకునే ఒప్పందం. తెలుగులో ఆ ఒప్పందం చదువుకున్న ప్రతివారి మనసులోనూ ఉంది. కంప్యూటర్‌కే ఎవరూ సరిగ్గా చెప్పలేదు.

కంప్యూటర్ లోపల తెలుగు

లిపుల్లోని ఒక్కో గుర్తుకూ ఒక్కో అంకెను (కోడ్‌ను) ఇచ్చే ప్రపంచ ప్రమాణం యూనికోడ్. అందులో తెలుగుకు 128 గళ్లు కేటాయించారు. అచ్చులకు విడి కోడ్లు, హల్లులకు విడి కోడ్లు, గుణింతపు గుర్తులకు మళ్లీ విడి కోడ్లు. ఒత్తులకు విడిగా ఏమీ లేదు. హల్లు, పొల్లు, ఇంకో హల్లు అని వరుసగా రాస్తే తెరమీద ఒత్తుగా కనిపిస్తుంది.

దీని ఫలితం ఇలా ఉంటుంది. స్త్రీ అనేది చదివేవారికి ఒక్క అక్షరం. కంప్యూటర్‌కు అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, మొత్తం ఆరు కోడ్లు. తెలుగు అనే మాట మూడక్షరాలు, కోడ్లు ఆరు. రాష్ట్రం రెండక్షరాలు, కోడ్లు ఎనిమిది. నక్షత్రం మూడక్షరాలు, కోడ్లు అవీ ఎనిమిదే.

ఇప్పుడు ‘మూడక్షరాల మాటలు చూపించు’ అని అడిగితే, సాదాసీదా ప్రోగ్రామ్ మూడు కోడ్లున్న మాటల్ని చూపిస్తుంది. పలక వస్తుంది, సరే. నది కూడా వస్తుంది, ఎందుకంటే అందులో న, ద, గుడి అని మూడు కోడ్లున్నాయి. తెలుగు మాత్రం రాదు! తెలుగు అనే మాటనే మూడక్షరాల మాటగా గుర్తించలేని వెతుకులాటను తెలుగు వెతుకులాట అనడం కష్టం.

తారుమారు చేసే ఆటల్లో ఇది ఇంకా అధ్వానం. నది కోడ్లను అటూ ఇటూ చేస్తే ఒక్కోసారి గుడి గుర్తు అందరికన్నా ముందుకొస్తుంది. పట్టుకోవడానికి హల్లు లేక, చుక్కల సున్నా మీద వేలాడుతూ కనిపిస్తుంది. ఫోన్లో అలాంటి చుక్కల వలయం కనిపిస్తే చాలామంది ఫాంట్ చెడిపోయిందనుకుంటారు. ఫాంట్ బాగానే ఉంది, అక్షరాన్ని మధ్యలో కోశారు.

కోడ్ల కన్నా పెద్ద ముక్కగా, చదివేవారు ఒకటిగా చూసేదాన్ని గుర్తించే నియమాలు కూడా యూనికోడ్‌లో ఉన్నాయి. అయితే చాలాకాలం పాటు అవి గుణింతాల్ని సరిగ్గా పట్టుకున్నా ఒత్తుల దగ్గర తెగిపోయేవి. స్త్రీని స్, త్, రీ అని మూడు ముక్కలుగా చూసేవి. 2023లో వచ్చిన 15.1 కూర్పులో తెలుగు సహా కొన్ని భారతీయ లిపులకు ఈ నియమాన్ని సవరించారు. ఇప్పుడు ఆ లెక్కలో స్త్రీ ఒక్కటే. కాకపోతే పాత నియమాలతో రాసిన ప్రోగ్రామ్‌లు ఇంకా వాడుకలో ఉన్నాయి. ఒకే మాటకు రెండు ఫోన్లలో రెండు లెక్కలు రావడానికి ఇదొక కారణం.

కనిపించని తేడాలు

పై చిక్కు కనీసం లెక్కలోనైనా బయటపడుతుంది. కొన్ని తేడాలు కంటికి కూడా కనపడవు.

అకారం మొదటిది. కల అనే మాటలో అ రెండుసార్లు పలుకుతుంది, ఒక్కసారీ రాయరు. తలకట్టుకు కోడ్ లేదు. ‘అ ఉన్న మాటలు’ అని వెతికితే అలక దొరుకుతుంది, కల దొరకదు. మిగతా అచ్చులకు రెండేసి రూపాలున్నాయి: మాట మొదట్లో ఊ, హల్లు తర్వాత కొమ్ముదీర్ఘం. పలకడానికి ఒకటే, కోడ్లు వేరు. ఊట, అటూ జంట కంప్యూటర్‌కు దొరకనిది అందుకే.

సున్న రెండోది. సంపదలో సున్న మ్ గా పలుకుతుంది, సంతలో న్ గా. ‘మ ఉన్న మాటలు’ అంటే సంపద రావాలా? రాతను బట్టి రాకూడదు, పలుకును బట్టి రావాలి.

మూడోది ఐత్వం. దీన్ని యూనికోడ్‌లో ఒకే కోడ్‌గానూ రాయొచ్చు, రెండు ముక్కలుగానూ రాయొచ్చు. తెరమీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. వెతకబోయే ముందు అన్నిటినీ ఒకే రూపానికి తెచ్చుకోకపోతే, కళ్లెదుట ఉన్న మాటే ‘దొరకలేదు’ అని వస్తుంది.

నాలుగోది మరీ మాయదారిది. వెబ్‌సైట్, సాఫ్ట్‌వేర్ లాంటి మాటల్లో పొల్లు తర్వాతి హల్లు ఒత్తుగా మారిపోకుండా మధ్యలో ఒక కనిపించని గుర్తు పెడతారు. దానికి వెడల్పు లేదు, శబ్దం లేదు. అయినా అది ఒక కోడే. దాన్ని పెట్టి టైప్ చేసినవారి మాట, పెట్టకుండా టైప్ చేసినవారికి దొరకదు. ఇక యూనికోడ్ రాకముందు రకరకాల ఫాంట్లలో కూర్చిన పుస్తకాల సంగతి చెప్పక్కర్లేదు. వాటి లోపల ఉన్నవి అసలు తెలుగు కోడ్లు కావు. కంటికి తెలుగులా కనిపించే రోమన్ గుర్తులు.

ఛందస్సు ఎప్పుడో తేల్చిన సంగతి

ఇదంతా కంప్యూటర్ వచ్చాక పుట్టిన సమస్య అనిపిస్తుంది. నిజానికి ఏ పనికి ఏ లెక్కను పాటించాలో తెలుగు ఛందస్సు చాలా ముందే విడదీసి చెప్పింది.

గణాలు కట్టేటప్పుడు లెక్కించేది అక్షరాన్ని. స్త్రీ ఒక గురువు, అంతే. అందులో ఎన్ని హల్లులున్నాయని ఎవరూ అడగరు. ప్రాస దగ్గరికొచ్చేసరికి లెక్క మారుతుంది. పాదంలో రెండో అక్షరంలోని హల్లు కలిస్తే చాలు, దాని మీద ఏ అచ్చున్నా ఫర్వాలేదు. పలక, కలిమి, చిలుక మూడూ ల-ప్రాసకు పనికొస్తాయి. రెండో అక్షరం సంయుక్తమైతే ఆ సంయుక్తమే రావాలి. యతికి ఇంకో పద్ధతి: హల్లుకు హల్లుతో మైత్రి, అచ్చుకు అచ్చుతో మైత్రి, రెండూ చూడాలి. నిరోష్ఠ్యం రాసేవారు పూర్తిగా ధ్వని మీదే నడుస్తారు. పెదవులు తగలకూడదు కాబట్టి ప, ఫ, బ, భ, మ లతో పాటు ఉ, ఊ, ఒ, ఓ లాంటి అచ్చులూ నిషిద్ధం. నది చెల్లుతుంది, రాజు చెల్లదు.

అవధానంలో ఈ వెతుకులాట మనిషి బుర్రలో, అందరి ముందూ జరుగుతుంది. న్యస్తాక్షరి అంటే ఫలానా పాదంలో ఫలానా స్థానంలో ఫలానా అక్షరం పడాలనడం. వర్డిల్ భాషలో చెప్పాలంటే ఆకుపచ్చ గడి. నిషిద్ధాక్షరిలో అవధాని ఒక్కో అక్షరం చెబుతుంటే, తర్వాత ఏది రాకూడదో పృచ్ఛకుడు చెబుతుంటాడు. అది బూడిద గడి, కాకపోతే అడుగడుక్కీ మారే బూడిద గడి. అవధాని నిఘంటువునంతా గాలించడు. వృత్తం, గణం, యతి, ప్రాస కలిసి అప్పటికే చాలా దారులు మూసేసి ఉంటాయి, మిగిలిన కొద్ది దారుల్లోనే మాట వెతుక్కుంటాడు. పైన చెప్పిన కొమ్మల చెట్టు చేసేదీ అదే పని.

ఇందాక వదిలేసిన ప్రశ్నకు జవాబు ఇక్కడ దొరుకుతుంది. నడుమ ల ఉన్న మాటల్లో మలుపు రావాలా అంటే, ప్రాస కోసమైతే రావాలి, గడి నింపడం కోసమైతే రాకూడదు. ఒకే జవాబు కోసం పట్టుబట్టడమే తప్పు.

గడిలో పట్టేది ఎంత

పత్రికల్లో వచ్చే పదబంధ ప్రహేళికలు ఒక గడికి ఒక అక్షరం అనే పద్ధతినే పాటిస్తాయి. స్త్రీకి ఒకే గడి. ఇది ఆట స్వభావాన్నే మార్చేస్తుంది. ఇంగ్లీషు గడిలో 26 అక్షరాల్లో ఒకటి పడుతుంది. తెలుగు హల్లులు 35 అనుకుని, ఒక్కోదానికి 12 గుణింతాలు వేసుకున్నా 420 అయ్యాయి. ఒక్కో ఒత్తు చేర్చుకుంటూ పోతే కాగితం మీద 14,700 దాకా వెళ్తుంది. అన్నీ వాడుకలో ఉండవు గానీ వందల్లో మాత్రం ఉంటాయి.

అందువల్ల తెలుగు గడిలో ఒక్క అక్షరం బయటపడితే ఇంగ్లీషులో కన్నా ఎక్కువ సమాచారం అందుతుంది. మూడు గళ్ల మాటలో ఒకటి తెలిస్తే వెతకాల్సిన మాటలు బాగా తగ్గిపోతాయి. ఇంకోవైపు, అడ్డం నిలువు మాటలు ఒకే గడి దగ్గర కలవాలంటే సరిగ్గా అదే గుణింతం కుదరాలి. కి, కు కలవవు. అందుకే తెలుగు ప్రహేళిక కూర్చడం కష్టం.

వర్డిల్ తరహా ఆటను తెలుగులో తయారుచేసేవారికీ ఇదే తలనొప్పి. జవాబులో కు ఉంది, ఆడేవారు కి పెట్టారు. బూడిద రంగు చూపిస్తే ఆట మరీ కఠినమవుతుంది, వందల అక్షరాల్లో ఆరు ప్రయత్నాలు ఏ మూలకూ చాలవు. పసుపు చూపిస్తే అబద్ధం చెప్పినట్టు. హల్లు సరే, గుణింతం తప్పు అని చెప్పడానికి ఇంకో రంగు పెట్టడం న్యాయంగా తోస్తుంది. అది ప్రాస లెక్కే.

అక్షరాల తరచుదనంలోనూ తేడా ఉంది. తెలుగు మాటలు సాధారణంగా అచ్చుతో ముగుస్తాయి, వాటిలో ఉకారాంతాలు చాలా ఎక్కువ. చివర కొమ్ము ఉందని తెలిసినా వెతుకులాట పెద్దగా తగ్గదు. ఞ ఉందని తెలిస్తే మాత్రం చూపు నేరుగా జ్ఞ ఉన్న మాటల మీదికి పోతుంది, ఇంగ్లీషులో ‘క్యూ’ పక్కన ‘యూ’ను వెతికినట్టు. ఘ, ఢ లాంటి ఒత్తక్షరాలు సంస్కృతం నుంచి వచ్చిన మాటల వైపు వేలు చూపిస్తాయి. ళ, ణ లతో మొదలయ్యే మాటలు దాదాపు ఉండవు కాబట్టి అవి దొరికితే మొదటి గడిని వదిలేయొచ్చు.

ఏది మాట?

రెండో ఒప్పందం దగ్గర తెలుగు ఇంకా వెనకబడి ఉంది. 1852 నాటి బ్రౌన్ నిఘంటువు, 1885 నాటి శబ్దరత్నాకరం లాంటివి ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. వాటిలో ఉండేవి మూలరూపాలు. చెట్టు ఉంటుంది, చెట్లలోంచి ఉండదు. చేయు ఉంటుంది, చేస్తున్నప్పటికీ ఉండదు. ఇంగ్లీషు స్క్రాబుల్ జాబితాలో బహువచనాలు, క్రియారూపాలు అన్నీ విడివిడిగా రాసి ఉంటాయి. తెలుగులో ఒక్కో క్రియకు వచ్చే రూపాలు రాసుకుంటూ పోతే అంతు ఉండదు, సంధి కలిస్తే అసలే ఉండదు.

పాత నిఘంటువుల్లో వాడుక పోయిన మాటలు కుప్పలుగా ఉంటాయి, బస్సు, ఫోను ఉండవు. పైగా అరసున్న, బండి ఱ ఉన్న పాత వర్ణక్రమం ఇప్పటి రాతతో కలవదు. ఈ జాబితాను అలాగే ఆటలో పెడితే, ఎవరూ వినని మాటను యంత్రం ఒప్పుకుంటుంది, అందరూ వాడే మాటను కొట్టేస్తుంది. విధానం ఎంత చురుగ్గా ఉన్నా జాబితా మంచిది కాకపోతే ప్రయోజనం లేదు.

ఏఐని అడిగితే ఎందుకు తప్పుతుంది

‘ప, ల, క ఉన్న మాటలు చెప్పు’ అని చాట్ చేసే ఏఐని అడగడం ఈమధ్య మామూలైంది. జవాబు గడగడా వస్తుంది, అందులో ఒక్కోసారి ల లేని మాటలు కూడా ఉంటాయి. అర్థాలు అంత బాగా చెప్పేది అక్షరాలు లెక్కపెట్టలేదా అని ఆశ్చర్యపోతారు.

భాషా నమూనాలు వాక్యాన్ని అక్షరాలుగా చదవవు. ముందే తయారుచేసుకున్న టోకెన్లు అనే ముక్కలుగా విరిచి, ఒక్కో ముక్కనూ ఒక అంకెగా చూస్తాయి. ముక్క లోపల ఏ అక్షరాలున్నాయో వాటికి నేరుగా కనిపించదు. ‘స్ట్రాబెర్రీ’ ఇంగ్లీషు స్పెల్లింగులో ‘ఆర్’ ఎన్నిసార్లు వస్తుందని అడిగితే మూడుకు బదులు రెండు అని చెప్పి అప్పట్లో కొన్ని నమూనాలు నవ్వులపాలైంది ఇందుకే. తెలుగు సంగతి ఇంకా క్లిష్టం. యూనికోడ్ కోడ్లను కంప్యూటర్లో దాచడానికి ఎక్కువగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు కోడ్ మూడు బైట్లు తీసుకుంటుంది, స్త్రీ ఒక్కటే 18 బైట్లు. ఇంగ్లీషు పాఠ్యంతో ఎక్కువగా తయారైన ముక్కల పట్టికలో తెలుగు మాట చిన్నచిన్న తునకలుగా తెగుతుంది. ఆ తునక అక్షరం మధ్యలో ఎక్కడైనా పడొచ్చు.

నైజెల్ రిచర్డ్స్‌కు అక్షరాలు తెలుసు, అర్థాలు అక్కర్లేదు. ఈ నమూనాల పరిస్థితి దానికి సరిగ్గా తలకిందులు. జాబితాను గాలించే చిన్న ప్రోగ్రామ్ రాయించి, దాన్ని నడిపి జవాబు చెప్పమంటే మాత్రం వాటి ఫలితం బాగా మెరుగవుతుంది.

సరైన పనిముట్టు ఎలా ఉండాలి

కావలసిన పనులు కొన్నే. కనిపించని గుర్తులను తీసేయాలి, రెండు రకాలుగా రాయగల వాటిని ఒకే రూపానికి తేవాలి. తర్వాత మాటను అక్షరాలుగా కోయాలి: హల్లుతోనో అచ్చుతోనో అక్షరం మొదలవుతుంది, పొల్లు వెనక వచ్చే హల్లు దాన్నే అంటుకుంటుంది, గుణింతపు గుర్తు, సున్న, విసర్గ దానికే చెందుతాయి. ఆపైన ప్రతి అక్షరాన్నీ హల్లులు, అచ్చులుగా విప్పాలి, రాయని అకారాన్ని కూడా బయటికి తీసి. ఇలా ప్రతి మాటకూ అక్షరాల తాళంచెవి ఒకటి, ధ్వనుల తాళంచెవి ఒకటి సిద్ధమవుతాయి. మొదటిదానితో పలక–కలప, రెండోదానితో రాజు–జారు, ఊట–అటూ కూడా దొరుకుతాయి. సంప్రదాయంగా చెప్పే వర్ణాలు 56. ఇప్పటి కంప్యూటర్లు ఒక్క లెక్కలో 64 స్విచ్చుల్ని చూడగలవు. అంటే ఇంగ్లీషుకు పనికొచ్చిన స్విచ్చుల ఉపాయం ధ్వనుల లెక్కలో తెలుగుకూ పూర్తిగా సరిపోతుంది, ఇంకా ఎనిమిది స్విచ్చులు మిగులుతాయి.

వాడేవారికి పరీక్ష తేలిక. కొత్త వెతుకులాట ఏదైనా కనిపిస్తే మూడక్షరాల మాటలు అడిగి, అందులో తెలుగు, నక్షత్రం ఉన్నాయో లేదో చూస్తే చాలు. లేకపోతే అది కోడ్లను లెక్కపెడుతోంది. ఇంట్లో కూర్చుని ప్రోగ్రామ్ రాసుకునేవారు చేసే పొరపాటు కూడా ఎక్కువగా ఇదే: వెతికే సూత్రంలో ‘ఏదో ఒక అక్షరం’ అనడానికి పెట్టే చుక్కలు మూడు పెడితే మూడక్షరాలు వస్తాయనుకోవడం.

ఇంత చేశాక కూడా ఒక మాట దగ్గర పేచీ మిగులుతుంది: ఫోన్. చివరి పొల్లును విడి అక్షరంగా లెక్కిస్తే రెండు, ఛందస్సు లెక్కలో ముందు అక్షరానికే కలిపితే ఒకటి. యూనికోడ్ నియమాలు రెండనే చెబుతాయి. వాడుకలోకి వచ్చిన ఇంగ్లీషు మాటల్లో ఎక్కువ భాగం ఇలా పొల్లుతోనే ముగుస్తాయి కాబట్టి ఇది అరుదైన సందర్భమేమీ కాదు. ఫోను అని రాసేస్తే పేచీ పోతుంది, కానీ అలా రాసేవారు తగ్గిపోతున్నారు.